పరీక్షకు రానీయకుండుట శిక్షయే

విద్యార్థిని బెత్తముతో కొట్టిన ఉపాధ్యాయుని నేడు లోకము క్షమింపదు. కాని హాలుటిక్కెట్టు నిరాకరించి, ఒక విద్యార్థి బ్రతుకులోనుండి ఏడాది కాలమును తీసివైచిన విశ్వవిద్యాలయమును ప్రశ్నించువారు అరుదు. బెత్తపు దెబ్బ నాలుగు దినములకు మానును. పోయిన యేడాది మరల రాదు. అయినను మొదటిదానిని శిక్షయనియు, రెండవదానిని నిబంధనయనియు మనము పిలుచుచున్నాము. అన్యాయమంతయు ఈ పేరుమార్పులోనే దాగియున్నది. శిక్ష యని యొప్పుకొన్నచో, దానిని విధించుటకు ముందు ఎదుటివాని మాట వినవలసి వచ్చును. నిబంధన యన్నచో గుమాస్తా ఒక పట్టిక చూచి పేరు కొట్టివేసిన చాలును.

మా మాట ఇది. పరీక్షకు రానీయకుండుట శిక్షయే. వినక విధించిన శిక్ష న్యాయము కాదు. అట్టి శిక్షకు లోనైన విద్యార్థి న్యాయస్థానమునకు పోవుట తలబిరుసుతనము కాదు, పౌరధర్మము. ఇంతమాత్రమును అంగీకరింపనివారు విద్యావంతులలోనే పెక్కురుండుటచేత కొంచెము విస్తరించి చెప్పవలసి వచ్చుచున్నది.

ఇది ఎక్కడనో మహానగరముల ముచ్చట యని మా పాఠకులు తలపకుందురు గాక. మన కడియమునే చూడుడు. కడియపులంకలోను, చుట్టుపట్ల గ్రామములలోను పెంచిన మొక్కలు లారీలకెక్కి దేశపు నలుమూలలకు పోవుచున్నవి. ఆ మొక్కల కొఱకు సంచులలో మట్టి నింపువారు, అంట్లు కట్టువారు, తెల్లవారకమునుపే పూలు కోయువారు కూలివారు. వారి యిండ్లలో కళాశాల గడప తొక్కిన మొదటి తరము నేటి తరమే. ఆ పిల్లలు ఉదయమున బస్సో రైలో పట్టుకొని రాజమహేంద్రవరమునకో కాకినాడకో పోయి చదువుకొనుచున్నారు. తండ్రి మంచముపట్టిన నాడు తల్లి కూలి మానరాదు కనుక కూతురు ఇంట నుండవలెను. పెండ్లిండ్ల కాలమున పూలకు గిరాకి పెరిగిన నాడు కొడుకు కూడ తోటలోనికి దిగవలెను. ఆ దినములన్నియు కళాశాల హాజరుపట్టీలో ఖాళీలుగా నిలుచును. ఖాళీ యెందుకు వచ్చెనో ఆ పట్టీ చెప్పదు. చెప్పగలవాడు విద్యార్థి యొక్కడే. అతని నడుగకయే తీర్పు వ్రాయుదురు.

మగపిల్లవానికి ఏడాది పోయిన ఏడాదియే పోవును. ఆడపిల్లకు ఏడాది పోయిన చదువే పోవును. “పరీక్షకే రానీయలేదట, ఇక చదువెందుకు?” అను మాట ఇంటిలో ఒక్కమాఱు పుట్టెనా, సంబంధములు చూచుట మొదలగును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిన ప్రాంతమిది. ఆడపిల్లలను బడిలోనికి తెచ్చుటకు ఆ తరమువారు పడిన పాట్లు మనమెఱుగనివి కావు. అంత కష్టపడి తెఱచిన తలుపును నేడొక కార్యాలయపు పట్టిక నిశ్శబ్దముగా మూయుచున్నది.

పూర్వమిట్టి విద్యార్థికి మొఱ పెట్టుకొనుటకు చోటే లేకుండెను. 1907లో బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ యుపన్యాసములను తెనుగున వినిపించిరి. విద్యార్థులు వందేమాతరపు బిళ్లలు ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధ్యక్షుడైన మార్కు హంటరు దొర దానిని సహింపలేదు. ట్రెయినింగు కళాశాలలో చదువుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వెళ్లగొట్టబడిరి. ఆయన తప్పేమి, ఆ తప్పునకు ఆ శిక్ష తగునా యని దొర నడుగగల పీఠము దేశమున లేకుండెను. అట్లు చదువునకు అనర్హుడని గెంటబడిన పురుషుడే పిమ్మట గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తన జీవితమును ధారవోసెను. చదువునకు తగినవా డెవడో తేల్చుటలో అధికారుల కన్ను ఎంత పొరపడునో తెలియుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

హైదరాబాదు సంస్థానమున 1938లో ఇట్టిదే మఱియొకటి జరిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను బహిష్కరించిరి. వారిలో పలువురికి నాగపురము విశ్వవిద్యాలయము చోటిచ్చుటచేత చదువు నిలిచినది. ఒక విశ్వవిద్యాలయము గెంటిన, మఱియొకటి జాలిదలచి చేర్చుకొనవలెను. అంతకుమించిన దిక్కు నాడు లేదు.

న్యాయస్థానములు నాడును ఉన్నవి గదా యని యందురేమో. ఉన్నవి, కాని అధికారుల చర్యలను వెంటనే పరిశీలించి రద్దుచేయు రిట్టు అధికారము మన జిల్లాలకు అందుబాటులో లేకుండెను. పర్లాకిమిడి జమీందారీలోని గరబంధ రైతులు పన్నుల తగాదాలో రెవిన్యూబోర్డు ఉత్తర్వును రద్దుచేయింపగోరి ప్రీవీకౌన్సిలు దాక పోయిరి. బోర్డు మదరాసు నగరముననే యున్నను, వ్యవహారము నగరపు ఎల్లలకు వెలుపలిది గావున మదరాసు హైకోర్టునకు అట్టి రిట్టు జారీచేయు అధికారము లేదని 1943లో ప్రీవీకౌన్సిలు తీర్పు చెప్పెను. మదరాసు పట్టణవాసికి ఒక న్యాయము, గోదావరి జిల్లా వాసికి మఱియొక న్యాయము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 226వ అధికరణముచేత ఈ గోడను పడగొట్టినది. నాటినుండి కడియము కూలివాని కుమార్తెయు హైకోర్టు తలుపు తట్టి, “నన్నేల పరీక్షకు రానీయరో విశ్వవిద్యాలయమువారిచేత చెప్పింపుడు” అని యడుగవచ్చును. ఈ హక్కును వాడుకొనుటను తప్పుగా చూచువారు, అది లేని నాడు మనవారు పడిన యవస్థను మఱచినవారు.

ఆ హక్కును విద్యార్థులు వాడుకొనిరి. ఉత్తరప్రదేశమున ముగ్గురు విద్యార్థులు 1954లో ఇంటర్మీడియేటు పరీక్షలో ఉత్తీర్ణులైరి. ఫలితములు ప్రకటింపబడినవి, వారు పైచదువులలో చేరిరి. ఆ డిసెంబరులో వారి తండ్రులకు వార్త వచ్చినది: ఫలితములు రద్దైనవి, 1955 పరీక్షకును వారు కూర్చుండరాదు. అంతకుముందు ఒక్కరైనను ఆ పిల్లలను పిలిచి, “మీపై నీ యారోపణ కలదు, ఏమందురు?” అని యడుగలేదు. వ్యవహారము సుప్రీముకోర్టు దాక పోయినది. విద్యార్థి మాట వినవలెనని చట్టములో ఎక్కడ నున్నదని పరీక్షల బోర్డు వాదించినది. 1962లో న్యాయస్థానము చెప్పిన సమాధానము ప్రతి కళాశాల గోడపైనను వ్రాయదగినది. చట్టమున ఆ మాట లేకపోయినను, నిర్ణయము విద్యార్థి భవిష్యత్తును పాడుచేయునంత తీవ్రమైనపుడు అతని మాట వినవలసిన బాధ్యత ఆ తీవ్రతనుండియే పుట్టుచున్నదని ఆ తీర్పు సారము.

విద్యార్థి యేది కోరినను న్యాయస్థానములు ఇచ్చివేయుచున్నవని భయపడువారు 1968 నాటి తీర్పును కూడ చదువవలెను. పరీక్షలో అక్రమము చేసెనని కేరళ విశ్వవిద్యాలయము ఒక విద్యార్థిని పరీక్షలనుండి తొలగించినది. కాని తొలగించుటకు ముందు విచారణ జరిపినది, సాక్షులను అతని యెదుటనే విచారించినది, వారిని ప్రశ్నించుటకు అతనికి వీలిచ్చినది. విచారణ నివేదిక ప్రతి తనకీయలేదని అతడు సుప్రీముకోర్టునకు పోగా, న్యాయస్థానము విశ్వవిద్యాలయమునే సమర్థించినది. బీహారులో ఒక పరీక్షాకేంద్రమున మూకుమ్మడిగా అక్రమము జరిగిన సందర్భమున, ఒక్కొక్కరిని వేఱువేఱుగా విననక్కఱలేక పరీక్షనే రద్దుచేయవచ్చునని 1970లో చెప్పినది. కాబట్టి న్యాయస్థానములు విద్యాలయముల చేతులు కట్టివేయుచున్నవను మాట నిజము కాదు. వినిన విద్యాలయము ప్రాయికముగా గెలుచుచునే యున్నది. ఓడుచున్నది వినని విద్యాలయము.

ఇక మా ప్రతిపక్షుల వాదములను పరిశీలింతము. మొదటిది: హాజరు నిబంధన లేకున్న తరగతులు శూన్యమగును. నిజమే. హాజరు అక్కఱలేదని మేమనుట లేదు. ఉపాధ్యాయుని యెదుట కూర్చుండి నేర్చుకొను విద్యకు బదులు లేదు. కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయపు నిబంధనలే చూడుడు: నూటికి 75 వంతుల హాజరుండవలెను, 65 మొదలు 75 దాక నున్నవారిని తగిన కారణము చూపినచో రుసుము కట్టించుకొని మన్నింపవచ్చును, 65కు తగ్గినవారు ఆ సెమిస్టరు మరల చదువవలెను. కారణము చూపిన మన్నింపవచ్చునని నిబంధనయే చెప్పుచున్నది గదా! కారణము వినుటకు ఒక వేదిక, ఒక దినము, ఒక మనిషి లేనిచోట మన్నింపు ఎట్లు పుట్టును? రుసుము రసీదే విచారణ యగు చోట మన్నింపు ధనికుని సొత్తగును. రుసుము కట్టగలవాని జ్వరము జ్వరము. కట్టలేనివాని జ్వరము సోమరితనము.

రెండవది: విద్యార్థులు వేలకొలదిగా నున్నారు, అందఱిని వినుటకు తీఱిక యేది? ఈ మాట మాకు మిక్కిలి ఆశ్చర్యకరముగా నున్నది. ఆ వేలమందియొద్దను ఫీజు ఒక్కొక్కరి పేరు వ్రాసి వసూలు చేయుటకు తీఱిక కలదు. ఒక్కొక్కరి దినదినపు హాజరు లెక్కించుటకు యంత్రములు కలవు. ఒక్కొక్కరి మాట వినుటకు మాత్రము తీఱిక లేదు! పైగా వినవలసినది అందఱిని కాదు, తొలగింపదలచిన కొందఱిని మాత్రమే.

మూడవది: గురుశిష్యుల నడుమ వకీలు ప్రవేశించిన విద్య నశించును. ఈ మాటలో కొంత నిజము కలదు. కాని వకీలును పిలిచినదెవరు? విద్యార్థి కన్నీరుపెట్టుకొని కార్యాలయమునకు పోయిన నాడు, “మా చేతిలో లేదు, యూనివర్సిటీ నడుగుము” అని కళాశాల యనును. యూనివర్సిటీకి పోయిన, “కళాశాల పంపిన పట్టికను బట్టి చేసితిమి” అని వారందురు. ఈ రెండు గడపల నడుమ తిరిగి తిరిగి, పరీక్షకు మూడు దినములున్నదనగా ఆ విద్యార్థి మూడవ గడపకు పోవుచున్నాడు. మొదటి రెండు గడపలలో నెక్కడనైన వినెడి చెవి యున్నచో అతడు ఊరు దాటియే యుండడు.

నాలుగవది: తప్పు తెలిసినపుడు ఎప్పుడైనను దిద్దవచ్చును గదా యని యందురు. కురుక్షేత్ర విశ్వవిద్యాలయము ఇట్లే తలచినది. ఒక న్యాయవిద్యార్థికి హాజరు చాలదని, అతడు పరీక్ష వ్రాసిన పిమ్మట అభ్యర్థిత్వము రద్దుచేసినది. పత్రములు ముందుగనే పరిశీలించుట విశ్వవిద్యాలయపు విధి. పరీక్షకు రానిచ్చిన తరువాత ఆ యధికారము తీరిపోవునని 1975లో సుప్రీముకోర్టు చెప్పినది. అజాగ్రత్త అధికారిది, నష్టము విద్యార్థిది యనుట చెల్లదు.

ఐతే న్యాయస్థానము అన్ని రోగములకు మందు కాదు. ఈ సంగతి గృహస్థులు గట్టిగా తెలిసికొనవలెను. 1980లలో మన రాష్ట్రముననే ఆంధ్రప్రదేశ్ క్రిస్టియన్సు మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ యను సంఘమొకటి ప్రభుత్వపు అనుమతియు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుర్తింపును లేకయే వైద్యకళాశాల నడుపబూని, విద్యార్థులను చేర్చుకొన్నది. ఆ విద్యార్థులు తమ్ము పరీక్షకు రానీయుడని సుప్రీముకోర్టును వేడుకొనిరి. 1986లో న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డిగారు, స్వయముగా తెలుగువారే, ఆ మనవిని త్రోసిపుచ్చిరి. ఏ చట్టమువలన విశ్వవిద్యాలయము పుట్టినదో ఆ చట్టమునే మీఱుమని న్యాయస్థానము శాసింపజాలదని వారు చెప్పిరి. కఠినముగా తోచినను ఆ తీర్పు సరియైనదే. అచట విద్యార్థులను మోసగించినది విశ్వవిద్యాలయము కాదు, వారిని చేర్చుకొన్నవారు. కావున తలిదండ్రులారా, బిడ్డను చేర్చుటకు ముందు భవనపు ఎత్తును చూడకుడు, గుర్తింపుపత్రమును చూడుడు. గుర్తింపు లేని కళాశాలలో పోగొట్టుకొన్న ఏండ్లను ఏ కోర్టును తిరిగి ఈయజాలదు.

గుర్తింపుగల కళాశాలలలోనే నేడు మఱియొక దురాచారము పెరుగుచున్నది: ఫీజు బాకీయున్నదని హాలుటిక్కెట్టు ఆపుట. పేదవిద్యార్థుల ఫీజును ప్రభుత్వము చెల్లించు పథకము ఇచట చాలకాలముగా నున్నది. ఆ సొమ్ము కళాశాలలకు ఆలస్యముగా చేరుటయు చాలకాలముగా నున్నది. ప్రభుత్వము బాకీపడిన, కళాశాల విద్యార్థి గొంతు పట్టుకొనుచున్నది. ఋణము ఒకనిది, జప్తు మఱియొకని భవిష్యత్తు. ఏ వడ్డీవ్యాపారియు చేయుటకు సిగ్గుపడు పనిని విద్యాలయములు సిగ్గులేక చేయుచున్నవి. బాకీని బాకీగా వసూలు చేసికొనవచ్చును. పరీక్షను తాకట్టుగా పట్టుట విద్యాలయమునకు తగదు.

ఇట్టి తొలగింపు ఒక ఏడాదిని మాత్రమే తీసికొనునని తలపరాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణమునే తీసికొనును. ఢిల్లీలో 2016లో హాజరు చాలదని పరీక్షకు దూరముచేయబడిన న్యాయవిద్యార్థి యొకడు ప్రాణము తీసికొనెను. దానినుండి పుట్టిన వ్యవహారమున 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పుచు, హాజరు తక్కువ యను కారణమున న్యాయవిద్యార్థులను పరీక్షలకు రానీయకుండుట తగదని ఆదేశించినది. తీర్పు వచ్చుటకు తొమ్మిదేండ్లు పట్టినది. ఆ తల్లికి కొడుకు రాలేదు.

తీర్పులు ఆలస్యమగుటయే ఈ దారిలోని పెద్ద ముల్లు. కడియమునుండి అమరావతిలోని హైకోర్టు 150 కిలోమీటర్లకు పైబడిన దూరము. వకీలు ఫీజు, బస ఖర్చు, పోయిన కూలి — ఇవన్నియు లెక్కించుకొన్నపుడు పేదయింటి విద్యార్థికి ఏడాది పోగొట్టుకొనుటయే చౌకగా తోచును. పోయినవారికైనను ప్రాయికముగా దొరకునది మధ్యంతరపు ఉత్తర్వు: పరీక్ష వ్రాయవచ్చును, ఫలితము తుదితీర్పునకు లోబడియుండును. ఇట్టి ఉత్తర్వులను సానుభూతితో ఊరక ఈయరాదని సుప్రీముకోర్టు 1993లో హెచ్చరించినది. ఫలితము కవరులో, విద్యార్థి త్రిశంకుస్వర్గములో. కావున కోర్టునకు పోవు హక్కును సమర్థించుచునే, కోర్టునకు పోవలసిన అక్కఱ లేకుండ చేయుడని మేము విశ్వవిద్యాలయములను కోరుచున్నాము.

ఇందుకు గొప్ప పథకములేవియు అక్కఱలేదు. మన గోదావరి డెల్టాలో ఏటేట వేసవిని కాలువలు కట్టివేయుదురు. కట్టివేయుటకు ముందు ఆ తేదీని ఊరూర తెలియజేసి, మంచినీటి చెఱువులు నింపుకొనుడని హెచ్చరింతురు. చెప్పక కాలువ కట్టినచో ఊరు దాహముతో అల్లాడునని నీటిపారుదల శాఖ యెఱుగును. చదువుల కాలువ కట్టువారికి ఆపాటి వివేకము వలదా? హాజరు తగ్గుచున్న సంగతిని నెలనెల విద్యార్థికిని, అతని యింటికిని తెలుగున తెలుపవలెను. తొలగింపదలచినచో పరీక్షకు మూడు వారములకు తక్కువ కాకుండ కారణము వ్రాసి నోటీసు నీయవలెను. ఆ కళాశాలకు చెందని ఒకరును, ఒక స్త్రీయు ఉన్న చిన్న సంఘము విద్యార్థిని కూర్చుండబెట్టి వినవలెను. నిర్ణయమును కారణములతో వ్రాసి చేతికీయవలెను. దానిపై విశ్వవిద్యాలయమునకు చేసికొన్న మనవిని పరీక్షకు ముందే తేల్చవలెను. ఫీజు బాకీని ఏ సందర్భమునను హాలుటిక్కెట్టుతో ముడిపెట్టరాదు. ఇన్నిటికిని కావలసినది కొన్ని కాగితములు, కొన్ని గంటలు, కొంచెము మానవత్వము.

తలిదండ్రులకు కూడ ఒక మాట. బిడ్డ యింటికి వచ్చి, “నన్ను పరీక్షకు రానీయలేదు” అని చెప్పిన నాడు, “నీవేమి చేసితివో!” అను మాటతో మొదలుపెట్టకుడు. విశ్వవిద్యాలయము అడుగని ప్రశ్నను మీరైనను అడుగుడు: “ఏమి జరిగినది?” అని. పిదప ఆలస్యము చేయక కారణమును వ్రాతమూలకముగా కోరుడు. ప్రిన్సిపాలునకు, విశ్వవిద్యాలయమునకు వ్రాసిన ప్రతి కాగితమునకు నకలును రసీదును ఉంచుకొనుడు. అక్కడ న్యాయము దొరకనిచో హైకోర్టునకు పోవుటకు జంకకుడు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టమును బట్టి స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము కలదు. ఈ సంగతి తెలియక ఆగిపోయిన ఆడపిల్లలెందఱో!

కడియపు నర్సరీలలో పనివారు వాడిన మొక్కను చూచినంతనే పెఱికి పాఱవేయరు. మట్టి తడి చూతురు, వేరు చూతురు, ఎండ తగులుచోటనుండి నీడకు మార్చి చూతురు. పురుగు పట్టి ఇక బ్రతుకదని తేలిన పిమ్మటనే తీసివేయుదురు. అక్షరము రానివారు మొక్కకు చేయు విచారణను, అక్షరములకు నిలయములైన విశ్వవిద్యాలయములు మనుష్యులకు చేయకుండుట ఎంత లజ్జాకరము! ఆ లజ్జ వారికి కలుగువఱకు విద్యార్థులు కోర్టు మెట్లెక్కుచునే యుందురు, ఎక్కవలెను కూడ. ఎక్కినవారిని నిందింపక, వారికి బస్సు ఖర్చులకైనను తోడ్పడుట సంస్కారప్రియులైన గృహస్థుల విధి.